సీఏ పిలకాయలకి మన మిల్లుల్లో, రొయ్యల గుంటల్లో, క్వారీల్లో పని నేర్పండి

ఎడిటర్ గారికి నమస్కారం.

సీఏ రిజల్ట్స్ వచ్చిన ప్రతిసారీ మీ జిల్లా పేజీల్లో పిలకాయల ఫొటోలు వేస్తా ఉంటారు, పక్కనే కోచింగ్ సెంటర్ల ప్రకటనలు కూడా ఉంటాయి, నెల్లూరు, కావలి, ఒంగోలు పేర్లు కనపడితే మాకూ సంతోషమే. కానీ సీఏలో ఇంటర్ అనే పరీక్షకీ చివరి పరీక్ష ఫైనల్‌కీ మధ్యలో ఆ పిలకాయలు ఒక ఆడిటర్ గారి దగ్గర చేరి పని నేర్చుకోవాల్సిన కాలం ఒకటి ఉంది కదా, దాన్ని గురించి మాత్రం ఎవరూ ఒక్క ముక్క రాయరు. ఇళ్ళల్లో కూడా అంతే, మార్కులెన్ని, అటెంప్ట్ ఎప్పుడు, ఇవే అడుగుతారు గానీ ఆఫీసులో ఏం పని చేస్తున్నావు, ఎవరి ఆడిట్‌కి పోయావు అని అడిగే తల్లిదండ్రుల్ని నేను పెద్దగా చూళ్ళేదు. అందుకే ఈ ఉత్తరం, కాస్త పొడుగైనా వేస్తారని ఆశ.

నేను కోవూరు వైపు ఒక రైస్ మిల్లులో అకౌంట్స్ చూస్తా. ఏటా ఆడిట్‌కి వచ్చే ఆర్టికల్స్‌ని, అంటే ఆడిటర్ దగ్గర పని నేర్చుకునే ఈ సీఏ పిలకాయల్ని, దగ్గరుండి చూస్తా ఉంటా, మా అక్క కూతురు కూడా ఇప్పుడు ఆ ట్రైనింగ్‌లోనే, అంటే ఆర్టికల్‌షిప్‌లోనే ఉంది, కాబట్టి నాకు రెండు వైపుల సంగతులూ తెలుస్తా ఉంటాయి.

తెలియని వాళ్ళ కోసం ముందు రూల్ చెప్పేస్తా. ఎన్ని పరీక్షలు పాసైనా ట్రైనింగ్ లేకుండా సీఏల సంస్థ ఐసీఏఐ మెంబర్‌షిప్ ఇవ్వదు, ప్రాక్టీసులో ఉన్న సీఏ దగ్గర పనిచేసి తీరాల్సిందే. ఇదివరకు అది 3 ఏళ్ళు, 2023 జులైలో వచ్చిన కొత్త స్కీంతో 2 ఏళ్ళు అయింది. ఇంటర్ రెండు గ్రూపులూ పాసయ్యాకే చేరాలి, చేరేముందు కంప్యూటర్ క్లాసులు, ఓరియంటేషన్ క్లాసులు పూర్తి చెయ్యాలి, ట్రైనింగ్ అయిపోయి 6 నెలలు గడిచాక ఫైనల్ రాయాలి. ఫైనల్ ఇప్పుడు జనవరి, మే, సెప్టెంబర్, ఏడాదికి 3 సార్లు పెడతా ఉన్నారు.

ఇందులో ఆ 6 నెలల సంగతి బాగా గమనించాలి. పాత పద్ధతిలో ట్రైనింగ్ ఉండగానే ఫైనల్ రాయొచ్చు, అందుకని నెలల తరబడి లీవు పెట్టి పుస్తకాల ముందు కూర్చునేవాళ్ళు, ఆఫీసులో వాళ్ళకీ విసుగే, పిలకాయలకీ టెన్షనే. ఇప్పుడట్టా కాదు, ఏడాదికి 12 రోజులే లీవు, ఈ 2 ఏళ్ళూ పని మీదే ఉండు, తర్వాత 6 నెలలు నీ ఇష్టం, ఇంట్లో కూర్చుని చదువుకో అని రూలే చెప్తా ఉంది. అంటే చదువుకోవడానికి టైం వేరే ఇచ్చారు, పనికి టైం వేరే ఇచ్చారు. ఇంత స్పష్టంగా ఉన్నప్పుడు ఇంకా మన ఊళ్ళల్లో డమ్మీ ఆర్టికల్‌షిప్ అనే మాట ఎందుకు వినపడతా ఉందో నాకు అర్థం కాదు, బాధగా కూడా ఉంది.

డమ్మీ అంటే ఏందంటే, పేరు ఇక్కడ ఒక ఆఫీసులో రాయించుకోవడం, మనిషి మాత్రం హైదరాబాద్‌లోనో విజయవాడలోనో కోచింగ్‌లో ఉండటం. అటెండెన్స్ ఉంటుంది, స్టైపెండ్ బ్యాంకులో పడినట్టు ఉంటుంది, కొన్నిచోట్ల ఆ డబ్బు మళ్ళీ వెనక్కి కూడా పోతుంది. పెళ్ళిళ్ళల్లో, ఫంక్షన్లలో పెద్దవాళ్ళు దీన్ని తప్పుగా కూడా అనుకోరు, "తెలిసిన ఆడిటర్ ఉన్నాడ్లే, సంతకాలు పెడతాడు, పిల్లోడు ప్రశాంతంగా చదువుకుంటాడు" అని ధైర్యంగా చెప్పుకుంటారు. ఐసీఏఐకి తెలిస్తే ఆ ట్రైనింగ్ కాలాన్ని లెక్కలోంచి తీసేయొచ్చు, సంతకం పెట్టిన సీఏ మీద కూడా క్రమశిక్షణ చర్య ఉంటుంది. అది పక్కన పెట్టండి, దొరకలేదనే అనుకుందాం, అయినా నష్టం ఆ పిల్లోడికే.

మాకు తెలిసిన వాళ్ళ అబ్బాయి అట్టానే పాసయ్యాడు, తెలివైనోడే, మార్కులు కూడా బాగా వచ్చాయి, చెన్నైలో మంచి కంపెనీలో జాబ్ వచ్చింది. చేరిన కొత్తల్లోనే పర్చేజ్ రిజిస్టర్‌కీ జీఎస్టీ పోర్టల్లో సప్లయర్లు ఎక్కించిన బిల్లులతో వచ్చే 2బీ అనే స్టేట్‌మెంట్‌కీ తేడా ఎందుకొచ్చిందో చూడమన్నారంట. సప్లయర్ బిల్లు అప్‌లోడ్ చెయ్యలేదా, జీఎస్టీ నంబర్ తప్పు కొట్టాడా, పోయిన నెల బిల్లు ఈ నెలలో వేశాడా, క్రెడిట్ నోట్ ఏమన్నా ఉందా, మా మిల్లులో కాలేజీ ఇంటర్ తప్పిన గుమాస్తా కూడా ప్రతి నెలా 20వ తేదీ లోపల 3బీ అనే జీఎస్టీ రిటర్ను వెయ్యాలి కాబట్టి ఇదంతా చకచకా చూసేస్తాడు. ఆ అబ్బాయికి ఇన్‌పుట్ టాక్స్ క్రెడిట్, అంటే కొన్నప్పుడు కట్టిన పన్నుని తగ్గించుకునే సెక్షన్లన్నీ కంఠతా వచ్చు, ఈ పని మాత్రం ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు. వాళ్ళమ్మ మా ఇంటికొచ్చి ఈ సంగతి చెప్పి ఏడ్చింది. ఆ అబ్బాయి ఇప్పుడు రాత్రిళ్ళు కూర్చుని నేర్చుకుంటా ఉన్నాడు, నేర్చుకుంటాడు కూడా, కానీ ఆర్టికల్‌గా ఉన్నప్పుడైతే తెలియకపోతే అడగొచ్చు, ఎవరూ ఏమీ అనరు, పేరు పక్కన సీఏ అని పడ్డాక అడగాలంటే ఎంత కష్టమో ఆలోచించండి.

ఇక అసలు చెప్పాలనుకున్నది. "నెల్లూరులో, ఒంగోల్లో ఏముంది సార్ నేర్చుకోవడానికి, ఇక్కడంతా చిన్న చిన్న రిటర్నులే" అని చాలామంది అంటా ఉంటారు. ఈ మాట మాత్రం నేను ఒప్పుకోను.

ఒకసారి మా మిల్లుకి స్టాక్ చూడ్డానికి వచ్చిన ఆర్టికల్స్‌లో ఒక అమ్మాయి ఉంది. మామూలుగా వచ్చేవాళ్ళు ఏసీ రూములో కూర్చుని స్టాక్ స్టేట్‌మెంట్ తీసుకుని టిక్కులు పెట్టుకుని పోతారు. ఈ అమ్మాయి అట్టా కాదు, ముందు గోడౌన్‌కి పోదాం సార్ అనింది. బస్తాలు పేర్చిన నెట్టు దగ్గర నిలబడి అడ్డం ఎన్ని బస్తాలు, పొడుగు ఎన్ని, ఎత్తు ఎన్ని వరసలు అని లెక్కేసుకుంది, మధ్యలో ఖాళీ లేదు కదా అని పైకెక్కించి చూపించుకుంది. తర్వాత పుట్టి అంటే ఎంత అని అడిగింది. మా కొనుగోలు పుస్తకంలో వడ్లన్నీ పుట్లల్లోనే ఉంటాయి, మన నెల్లూరు పుట్టి 850 కిలోలు, వేరే జిల్లా పిలకాయలకి ఈ లెక్క తెలియదు, పుట్లని కిలోల్లోకి, కిలోల్ని కాటా స్లిప్పుల్లోకి కలిపి చూస్తే గానీ స్టాక్ లెక్క తేలదు. ఆ అమ్మాయి కూర్చుని మొత్తం మార్చుకుంది. అప్పుడు అవుట్‌టర్న్, అంటే వడ్లు ఆడిస్తే ఎంత బియ్యం వస్తుందో అడిగింది. ప్రభుత్వం వడ్లు ఆడించి ఇచ్చేటప్పుడు పచ్చి బియ్యానికి 100 కిలోలకి 67 కిలోల బియ్యం ఇవ్వాలి, మా సొంత వడ్లకి రకాన్ని బట్టి, తేమని బట్టి, నూకని బట్టి మారుతుంది, 34449 వడ్లు ఒక రకంగా ఆడతాయి, బీపీటీ వడ్లు ఇంకో రకంగా ఆడతాయి. బియ్యం పోగా నూకలెంత, తవుడెంత, ఊకెంత, అన్నీ రాసుకుంది. చివరికి అడిగిన ప్రశ్న ఏందంటే, "సార్, ఈ ఏడాది కరెంటు బిల్లులు నెలవారీగా ఇస్తారా?" అని.

మా గుమాస్తాకి అర్థం కాలేదు, కరెంటు బిల్లెందుకమ్మా అన్నాడు. ఏ నెలలో ఎన్ని యూనిట్లు కాలిందో చూస్తే ఆ నెలలో ఎన్ని వడ్లు ఆడుంటారో సుమారుగా తెలుస్తుంది కదా సార్, పుస్తకంలో తక్కువ ఆడినట్టు ఉండి యూనిట్లు ఎక్కువ కాలితే ఎందుకో అడగాలి అనింది. నిజంగా ఒక నెలలో తేడా కనపడింది, మోటారు మార్చినప్పుడు ట్రయల్ రన్‌లు వేశాం, ఆ రిపేరు బిల్లు తీసి చూపిస్తే తృప్తి పడింది. ఏ పుస్తకంలో ఉంటుంది చెప్పండి ఇది? ఆడిట్ స్టాండర్డ్స్‌లో ఎనలిటికల్ ప్రొసీజర్స్ అని ఒక చాప్టర్ ఉంటుందంట, మా అక్క కూతురు చెప్పింది, ఆ చాప్టర్ ఏందో ఆ అమ్మాయికి మా మిల్లు మీటరు దగ్గర తెలిసింది.

వడ్ల డబ్బు సంగతి కూడా అంతే. ఒక మనిషికి ఒక రోజులో 10,000 రూపాయలు దాటి క్యాష్ ఇస్తే ఆ ఖర్చు ఇన్‌కమ్ టాక్స్‌లో ఒప్పుకోరని అందరూ చదువుకుంటారు. కానీ పండించిన రైతుకి నేరుగా ఇస్తే దానికి మినహాయింపు ఉంది, మధ్యలో దళారి పేరుతో ఇస్తే లేదు. ఓచర్ మీద ఉన్న పేరు రైతుదా దళారిదా అనేది పుస్తకం చెప్పదు, పొలం పాస్‌బుక్ జిరాక్స్ ఉందా, కాటా స్లిప్పులో ఏ ఊరని ఉంది, ఒకే మనిషి పేరు మీద 10 ఊళ్ళ వడ్లు ఎట్టా వచ్చాయి, ఇవన్నీ మిల్లులో కూర్చుంటేనే కళ్ళకి కనపడతాయి.

రొయ్యలకి పోదాం. విడవలూరు, ఇందుకూరుపేట వైపు మా చుట్టాలకి గుంటలున్నాయి. మార్చి 31 నాటికి గుంటలో రొయ్య ఉంది, అది స్టాకే, దాన్ని ఎట్టా లెక్కపెడతారు? నీళ్ళలో ఉన్నదాన్ని బస్తాల మాదిరి లెక్కెయ్యలేరు కదా. ఎన్ని లక్షల పిల్ల వదిలారు, ఎన్ని రోజులైంది, ఎంత మేత పడింది, విసురు వలతో పట్టి చూస్తే కిలోకి ఎన్ని తూగతా ఉన్నాయి, అంటే కౌంట్ ఎంత, జబ్బేమన్నా తగిలిందా, ఇవన్నీ చూసి ఒక అంచనాకి రావాలి. 100 కౌంట్ రేటు వేరు, 40 కౌంట్ రేటు వేరు, పట్టుబడి రోజు, అంటే రొయ్యలు పట్టి అమ్మే రోజు, కౌంట్‌లో కాస్త తేడా వచ్చినా లక్షల్లో మారిపోతుంది. పైగా మేతంతా అప్పు మీద వస్తుంది, పట్టుబడి అయ్యాక మేత షాపు అప్పు పోగా మిగిలింది రైతుకి. ఈ లెక్క ఒక్క పంటకి దగ్గరుండి చూసిన పిల్లోడికి స్టాక్ వాల్యుయేషన్, అప్పులు, ఆదాయం ఎప్పుడు చూపించాలి అనేవన్నీ ఎవరూ మళ్ళీ చెప్పాల్సిన పని ఉండదు.

చీమకుర్తి క్వారీలు ఇంకో ప్రపంచం. గెలాక్సీ గ్రానైట్ బ్లాకు మీద పెయింటుతో నంబరు ఉంటుంది, పొడుగు వెడల్పు ఎత్తు టేపుతో కొలుస్తారు, అంచులు వంకరగా ఉంటాయి కాబట్టి కొలతలో కొంత తగ్గిస్తారు, ఆ తగ్గించేదాని మీదే కొనేవాడికీ అమ్మేవాడికీ బేరం. అదే బ్లాకుకి గనుల శాఖ పర్మిట్ ఉండాలి, రాయల్టీ కట్టుండాలి, లారీలో పోయేటప్పుడు ఈ-వే బిల్లు ఉండాలి, ఎక్స్‌పోర్ట్ అయితే షిప్పింగ్ బిల్లు ఉండాలి. ఈ కాగితాలన్నిట్లో ఒకే బ్లాకు నంబరు, ఒకే కొలత వస్తా ఉందా అని పట్టుకుని చూడ్డం కంటే మంచి ట్రైనింగ్ ఏ పెద్ద సిటీలో దొరుకుతుంది? ఒంగోలు, టంగుటూరు, కొండపి పొగాకు వేలం కేంద్రాలు చూడండి, బేలు తూకం దగ్గర్నించి రైతు బ్యాంకు ఖాతాలో డబ్బు పడేదాకా ప్రతి అడుగుకీ కాగితం ఉంటుంది.

హైదరాబాద్ పోవద్దని నేను అనట్లేదు. పెద్ద లిస్టెడ్ కంపెనీల ఆడిట్, పెద్ద కంపెనీలు పాటించాల్సిన ఇండ్ ఏఎస్ అనే అకౌంటింగ్ రూల్స్ లెక్కలు, పెద్ద టీముల్లో పని చూడాలనుకునేవాళ్ళు పోవాల్సిందే. కానీ స్టైపెండ్ ఎంతో తెలుసుకుని పోవాలి, ఐసీఏఐ చెప్పే కనీస మొత్తం ఊరి జనాభాని బట్టి ఉంటుంది, పెద్ద సిటీలో కూడా ఆ కనీసంతో హాస్టల్ ఖర్చులే రావు. రెండెకరాలు కౌలుకి చేసుకునే ఇంటి నుంచి వచ్చిన పిల్లోడు, ఆడపిల్లని దూరం పంపడానికి భయపడే ఇంట్లో అమ్మాయి, వీళ్ళకి ఇంటి నుంచి బస్సులో పోయి వచ్చే దూరంలో మంచి ట్రైనింగ్ దొరికితే ఎంత తేడానో. మా అక్క కూతురు రోజూ నెల్లూరు పోయి వస్తుంది, రాగానే "మామయ్యా, ఈ రోజు బ్యాంకు ఆడిట్‌లో గోల్డ్ లోన్ ప్యాకెట్లు చూశాం" అని మొదలుపెడుతుంది, అన్నం తింటా తింటా చెప్తానే ఉంటుంది.

అయితే తప్పంతా తల్లిదండ్రుల మీదే వెయ్యకూడదు. కొన్ని ఆఫీసుల్లో నిజంగా పోయి కూర్చున్నా కూడా నేర్పేది ఉండదు. 2 ఏళ్ళూ అమ్మకాల జీఎస్టీ రిటర్ను జీఎస్టీఆర్-1 ఎంట్రీలు, పాన్ కార్డు అప్లికేషన్లు, జిరాక్సులు, డీడీలు, ఇంతే. వారానికి 35 గంటలని రూల్ ఉంటే సీజన్లో రాత్రి 10 దాకా కూర్చోబెట్టడం, ఆ పని కూడా ఎంట్రీయే. నాకు తెలిసిన మంచి ఆడిటర్లు కూడా చాలామంది ఉన్నారు, ఆ కరెంటు బిల్లు అడిగిన అమ్మాయికి ఎవరో నేర్పారు కాబట్టే అడిగింది. ఆడిటర్ గార్లకి నా మనవి ఒక్కటే, ఏ పిల్లనైనా ఒక్క క్లయింట్ ఫైలు మొదటి నుంచి చివరి దాకా పట్టుకోనివ్వండి, స్టాక్ చూడ్డం, బాకీలు సరేనా అని అవతలివాళ్ళకి కన్ఫర్మేషన్ లెటర్లు పంపడం, ట్రయల్ బ్యాలెన్స్, టాక్స్ ఆడిట్ రిపోర్ట్ డ్రాఫ్ట్, తర్వాత మీరు ఎర్ర పెన్నుతో ఎన్ని దిద్దినా పర్లేదు. అది ఒక్కసారి జరిగితే చాలు, తర్వాత ఆ పిల్లే మీ ఆఫీసుకి చెయ్యి.

ఇంకో సంగతి చెప్పాలి. ఏసీసీఏ అని ఒక బ్రిటన్ కోర్సు ఉంది కదా, మన పిలకాయలు కూడా కొంతమంది చేస్తా ఉన్నారు. దాంట్లో ట్రైనింగ్ 36 నెలలు, పరీక్షలకి ముందైనా తర్వాతైనా చెయ్యొచ్చు. నాకు అందులో నచ్చింది ఏందంటే, ఊరికే నెలలు లెక్కపెడితే సరిపోదు, 9 అంశాలు పూర్తి చేసినట్టు చూపించాలి, ఒక్కోదానికీ నేను ఫలానా పని చేశాను అని సొంత మాటల్లో రాసుకోవాలి, అది నిజమేనని సూపర్‌వైజర్ ఒప్పుకోవాలి. మన ఆర్టికల్స్ కూడా ఎవరూ చెప్పకపోయినా ఒక నోటుబుక్కు పెట్టుకుని అట్టా రాసుకుంటే బాగుంటుంది. ఈ వారం ఏ క్లయింట్, ఏం చూశాను, ఏం తేడా దొరికింది, నాకు అర్థం కానిది ఏంది, ఇంతే. క్లయింట్ల పేర్లు, అంకెలు రాయొద్దు, అవి బయటికి పోకూడదు, పని మాత్రం రాసుకోండి. 3 నెలలు వరసగా "ఎంట్రీ, ఎంట్రీ, ఎంట్రీ" అనే ఉంటే అది మీ ప్రిన్సిపాల్ గారికి, అంటే మీకు ట్రైనింగ్ ఇచ్చే సీఏ గారికి చూపించి, సార్ నాకు వేరే పని కూడా ఇవ్వండి అని అడిగే ధైర్యం వస్తుంది. మా అక్క కూతురు చేత మొదలుపెట్టించా, రాస్తా ఉంది.

చేరేముందే అడగాల్సినవి కూడా ఉన్నాయి. మీ దగ్గర ఏ ఏ ఆడిట్లు ఉన్నాయి సార్, బ్యాంకు ఉందా, సొసైటీలు ఉన్నాయా, టాక్స్ అప్పీళ్ళు చూస్తారా, క్లయింట్ దగ్గరికి పంపిస్తారా అని నెమ్మదిగా, మర్యాదగా అడగొచ్చు, ఏమీ అనుకోరు. ఆడపిల్లలైతే క్వారీకో గుంటల దగ్గరికో పోవాల్సొస్తే తోడు ఎవరు వస్తారు, బండి ఏర్పాటు ఉందా, ఇవి కూడా అడగాలి, ఆఫీసు వాళ్ళు కూడా ముందే చెప్పాలి, దీన్ని సాకుగా పెట్టి అమ్మాయిల్ని ఆఫీసు పనికే పరిమితం చెయ్యడం నేను చూశా, అది అన్యాయం.

మా వ్యాపారస్తుల వైపు నుంచి కూడా చెప్పాలి. ఆడిట్ పిలకాయలు వస్తే కాఫీలు ఇప్పిస్తాం, టిఫిన్లు తెప్పిస్తాం, గోడౌన్ తాళం మాత్రం తియ్యం. చిన్న పిల్లలకేం తెలుసులే అని ఒకటి, అన్నీ చూపిస్తే ఎక్కడ ప్రశ్నలేస్తారో అని ఇంకొకటి. ఆ అమ్మాయి వచ్చి పోయాక మా ఓనర్ గారు స్వయంగా ప్రతి నెలా యూనిట్లు, ఆడిన వడ్లు పక్కపక్కన రాయమన్నారు, దానితో ఏ మోటారు ఎక్కువ తాగతా ఉందో మాకే తెలిసింది. కాబట్టి మిల్లుల వాళ్ళు, గుంటల వాళ్ళు, క్వారీల వాళ్ళు తలుపులు తియ్యండి, నష్టమేమీ లేదు. అట్టానే ఆర్టికల్‌షిప్ ఆఖరి ఏడాదిలో 9 నుంచి 12 నెలలు కంపెనీలో ఇండస్ట్రియల్ ట్రైనింగ్ చెయ్యడానికి అవకాశం ఉంది, అక్కడ ఉద్యోగం చేసే సీఏ ఉండాలి, కంపెనీ కూడా ఒక స్థాయిలో ఉండాలి. కృష్ణపట్నం పోర్టు చుట్టుపక్కల, రొయ్యల ఎక్స్‌పోర్ట్ ప్లాంట్లలో, గ్రానైట్ ఎక్స్‌పోర్ట్ కంపెనీల్లో అట్టాంటివి ఉన్నాయి, వాళ్ళు మన జిల్లా పిలకాయలకి ఏటా ఒకటో రెండో సీట్లు ఇస్తామని ముందుకొస్తే మనోళ్ళు ఇంకా దూరం పోవాల్సిన పని ఉండదు.

ఎడిటర్ గారూ, మీకు కూడా ఒక మనవి. ఈసారి సీఏ ఇంటర్ రిజల్ట్స్ వచ్చిన వారంలో ఫొటోల పక్కనే అర పేజీ ఈ ట్రైనింగ్‌కి ఇవ్వండి. నెల్లూరు, ఒంగోల్లో ఆర్టికల్స్‌ని తీసుకునే ఆఫీసులేవి, వాళ్ళు ఏ రకం ఆడిట్లు చేస్తారు, స్టైపెండ్ ఎంత ఇస్తారు, ఇండస్ట్రియల్ ట్రైనింగ్ ఇచ్చే కంపెనీలేవి అనేది ఆయా ఆఫీసుల వాళ్ళనే అడిగి వెయ్యండి. మీ విలేకరులకి మిల్లు లెక్కలు ఏమన్నా చూడాలనిపిస్తే మా ఓనర్ గారిని అడిగి నేను దగ్గరుండి చూపిస్తా.

ఇట్లు,
ఒక రైస్ మిల్లు అకౌంటెంట్,
కోవూరు, నెల్లూరు జిల్లా.